పదిహేడో నంబరు చక్రం

నల్లగొండలో గడియారాల రజాక్ ఎవరినీ నమ్మడు. అలాగని చెడ్డవాడేమీ కాదు. నలభై ఏళ్లు ఊరంతా తనను అనుమానంగా చూస్తే ఎవరైనా నేర్చుకునేది అదే.

వాచీలు బాగుచేసేవాడి మీద జనానికి ఒకటే ఫిర్యాదు: మిషన్ మార్చిండు. గడియారం రోజుకు రెండు నిమిషాలు వెనకబడినా, చెమటకు అద్దం మసకబారినా, అల్లుడు కిందపడేసి నోరు మూసుకున్నా తప్పు మాత్రం దుకాణం వాడిదే. అసలు మిషన్ తీసుకుని నకిలీది పెట్టాడంటారు. రజాక్ తండ్రి ఈ మాట పడీపడీ చివరికి దుకాణం మూసి బస్టాండులో సోడాలు అమ్మాడు. అందుకే రజాక్ క్లాక్ టవర్ దగ్గర నాలుగడుగుల జాగాలో బల్ల వేసుకున్న మొదటి రోజే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ వస్తువైనా యజమాని ముందే విప్పుతాడు. లోపల ఉన్నవన్నీ వేలితో చూపిస్తాడు. తర్వాత సూది చేతికిచ్చి, "నీకు నచ్చిన గుర్తు గియ్యి, తీస్కపోయేటప్పుడు సూస్కో" అంటాడు. కొందరు ఓంకారం గీస్తారు. కొందరు ఇంటిపేరు రాస్తారు. కాలేజీ పిల్లలైతే ఎవరి పేరులోదో మొదటి అక్షరం గీసి చుట్టూ చూసుకుంటారు.

సెల్‌ఫోన్లు వచ్చాక చేతి గడియారాల పని సగానికి పడిపోయింది. తెలంగాణ వచ్చిన ఏడు రామగిరి నుంచి ఒక పిల్లల డాక్టరు చావి ఇస్తే నడిచే రేకు రైలు తెచ్చాడు. ఇంజను లోపల చూస్తే పెద్ద తేడా ఏం లేదు. అలారం టైంపీసులో ఉన్నవే ఇక్కడా ఉన్నాయి, కాకపోతే మొరటుగా, మందంగా. రజాక్ రెండు రోజుల్లో దాన్ని నడిపించాడు. డాక్టరు వీడియో తీసి ఎవరికో పంపాడు, వాళ్లు ఇంకెవరికో పంపారు. ఆరు నెలలు తిరిగేసరికి హైదరాబాదు నుంచి, కర్నూలు నుంచి, ఒకసారి నాందేడు నుంచి కూడా రైళ్లు రావడం మొదలైంది.

రైళ్లు వస్తున్నాయి గానీ వాటి సామాన్లు ఎక్కడా దొరకవు. చేసిన కంపెనీలు మూతబడి యాభై ఏళ్లయింది. రజాక్‌కు తెలిసిన దారి ఒక్కటే: పాత గడియారాల పనివాళ్ల డబ్బాలు. మిర్యాలగూడలోనో, దేవరకొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఎవరైనా వాచీ మెకానిక్ పోయాడని తెలిస్తే చాలు, తెల్ల టోపీ పెట్టుకుని పలకరింపుకు బయలుదేరతాడు. కొడుకులతో కాసేపు కూర్చుని, పోయినాయన చేతి నైపుణ్యాన్ని పొగిడి, లేచేటప్పుడు "అబ్బాజాన్ డబ్బా ఏమన్న ఉన్నదా" అని అడుగుతాడు.

"మనిషి సచ్చిండని వోతున్నవా, స్ప్రింగులకు వోతున్నవా?" అని భార్య జీనత్ ఒకసారి అడిగింది.

"రెంటికీ" అన్నాడు రజాక్. ఇంట్లో అబద్ధం ఆడడు.

రెండు వేల పంతొమ్మిది వానాకాలంలో చండూరు నుంచి ఆండాళు వచ్చింది. అరవై దాటిన మనిషి, పద్మశాలీల ఇంటి కోడలు. మగ్గం మీద కూర్చుని కూర్చుని నడుము కొంచెం పక్కకు ఒరిగింది. తువ్వాల్లో చుట్టి తెచ్చిన ఆకుపచ్చ రేకు ఇంజనును, రెండు పెట్టెలను బల్ల మీద పెట్టింది. ఆమె భర్త పరశురాం షోలాపూర్‌లో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపిన రోజుల్లో అక్కడి పాతసామాన్ల బజారులో కొడుకు కోసం కొన్న రైలు అది. పరశురాం పోయి పన్నెండేళ్లయింది. ఇప్పుడు ఆ కొడుకు ఎల్లేష్ మేళ్లచెరువులో సిమెంటు లారీల దగ్గర పద్దులు రాస్తున్నాడు. వాడు రైలు ఫొటో ఎక్కడో పెడితే, హైదరాబాదులో పాత బొమ్మలు కొనే దయాకర్ ఫోను చేశాడట. రైలు నడవాలి, లోపల అన్నీ కంపెనీ సామాన్లే ఉండాలి, అట్లయితే తీసుకుంటానన్నాడట.

"చావి ఇస్తే గిర్రున తిరిగి ఊకుంటది, కదలదు భాయ్" అంది ఆండాళు.

"స్ప్రింగు తెగింది. కానీ అక్కా, ఒక మాట చెప్త విను." రజాక్ ఇంజను తిప్పి కింద చూపించాడు. పైరేకును అడుగు రేకుకు పట్టి ఉంచేవి నాలుగు చిన్న చెవులు. "గివి ఇంక ఒక్కసారే వంచి విప్పొచ్చు, మల్ల ఒకసారి మూయొచ్చు. ఇంకొక్కసారి వంచితే ఇరుగుతయి. స్ప్రింగు దొరికినంకనే ఇప్పాలె. ఇయ్యాల నీ ముందు ఇప్పలేను."

ఆండాళు ఆయన మొహంలోకి చూసింది. "అందరికీ ముందటనే ఇప్పి చూపెడ్తవంట గద."

"గడియారాలకు."

"నా దానికి లేదన్నట్టు."

"సూది తీస్కో, అడుగున గుర్తు వెట్టు."

ఆమె అడుగు రేకు మీద నిలువుగా మూడు గీతలు గీసింది. ఆ గుర్తు బయట ఉంది, అసలు సామాను లోపల ఉంది. అది ఇద్దరికీ తెలుసు. బస్సుకు వేళవుతోందని ఆమె లేచింది గానీ నాలుగడుగులు వేసి ఒకసారి వెనక్కి చూసింది.

స్ప్రింగు కోసం రజాక్ తన డబ్బాలన్నీ వెతికాడు. చిటికెనవేలి గోరంత వెడల్పున్నది కావాలి. తన దగ్గర ఉన్నవన్నీ సన్నవి. రెండు వారాల తర్వాత జడ్చర్లలో బాబామియా అనే ముసలి మెకానిక్ పోయాడని తెలిసింది. పలకరింపుకు వెళ్లాడు. బాబామియా కొడుకు ఫహీం ఫోన్ల కవర్లు అమ్ముతాడు, మనుషుల్ని చదవడం బాగా వచ్చినవాడు.

"ఏ మిషన్‌కు చాచా?" అన్నాడు ఫహీం డబ్బా మూత మీద చెయ్యి పెట్టి.

రైలుకు అని చెబితే రేటు పెంచుతాడు. రజాక్ కళ్లు దించకుండా "మా ఇంట్ల టైంపీసు" అన్నాడు.

"ఇంట్ల టైంపీసుకు నల్లగొండ నుంచి జడ్చర్ల వచ్చినవా?"

"మీ నాయిన కోసం వచ్చిన బేటా."

ఫహీం నవ్వలేదు. వెతికి టైంపీసు స్ప్రింగు ఒకటి తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు, పైసా తీసుకోలేదు. టైంపీసుకు అన్న తర్వాత ఇంకేం ఇస్తాడు? బస్టాండులో విప్పి చూసుకుంటే సగం వెడల్పే ఉంది. రజాక్ బెంచీ మీద కాసేపు కూర్చుని, మళ్లీ అదే వీధిలోకి నడిచాడు.

"టైంపీసు గింతలనే పెరిగిందా చాచా?" అన్నాడు ఫహీం గడపలోనే.

"రైలు బొమ్మ. రేకుది. గిప్పుడు నిజం చెప్పిన, నీ ఇష్టం."

"ముందుగాల చెప్తే అయిపోవు గద. అబ్బా గోడ గడియారాలవి కొన్ని ఆముదంల వెట్టిండు." ఈసారి ఫహీం సీసా తెచ్చాడు. కావలసిన వెడల్పులో ఒకటుంది. దానికి మాత్రం రేటు చెప్పాడు, గట్టిగానే.

మరునాడు రజాక్ దుకాణం తెరవకముందే ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని ఇంజను చెవులు వంచాడు. పైరేకు లేపాడు. తెగిన స్ప్రింగు చుట్ట కిందే ఉంది. దాని పక్కన ఐదు చక్రాలు. నాలుగు తెల్లటి ఇనుప రేకువి, ఒకటి పసుపుపచ్చ ఇత్తడిది. ఇత్తడి చక్రానికి నడిమి రంధ్రం ఎవరో ఆకురాయితో రాసి పెద్దది చేశారు. గీతలు స్పష్టంగా ఉన్నాయి. పని శుభ్రంగానే ఉంది గానీ కంపెనీ పని కాదు. కంటికి భూతద్దం పెట్టుకుని చూస్తే అంచు మీద రెండు అంకెలు చెక్కి ఉన్నాయి: 17.

జీనత్ చాయ్ తెచ్చి భర్త మొహం చూసింది. "ఏమైంది?"

"ఒక చక్రం గీ బండిది కాదు. ఎవరో పెట్టిండ్రు."

"గామెకు ఫోన్ చేసి చెప్పు మరి."

రజాక్ ఫోను వైపు చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు. ఆమె ముందు విప్పలేదు. ఇప్పుడు ఫోను చేసి లోపల వేరే చక్రం ఉందంటే, ఆమె అడిగే మొదటి మాట ఏమిటో నలభై ఏళ్లుగా వింటూనే ఉన్నాడు. దొంగ తానే ముందు అరిచాడంటారు. "చెప్తే నేనే మార్చిన్నంటది" అన్నాడు. "నడుస్తది, ఇచ్చేస్త. ఎవరు ఇప్పి చూస్తరు?"

స్ప్రింగు వేశాడు. చెవులు మూశాడు. ఇంజను నేల మీద గదంతా తిరిగి తలుపుకు కొట్టుకుని ఆగింది. ఆండాళు వచ్చి, మూడు గీతలు చూసుకుని, తువ్వాల్లో చుట్టుకుపోయింది. చెప్పకపోవడమే మంచిదైందని రజాక్ అనుకున్నాడు.

పదిరోజులకు దయాకర్ చండూరు వెళ్లాడు. కొనేవాడు ఊరికే కొనడు. ఇంజను తిప్పి చెవులు వంచాడు. రజాక్ చెప్పినట్టే ఒకటి విరిగింది. లోపల చూసి, చిమటా పట్టకారుతో ఇత్తడి చక్రాన్ని బయటికి లాగాడు.

ఆ మరునాడు పొద్దున పదకొండు గంటలకు, క్లాక్ టవర్ దగ్గర జనం బాగా ఉన్న వేళ, ఆండాళు రజాక్ బల్ల ముందు నిలబడింది. కాగితం విప్పి ఆ చక్రాన్ని బల్ల మీద పెట్టింది.

"మాది ఏదీ?"

"గిదే మీది."

"హైదరాబాద్ సారు చెప్పిండు, గిది గా బండిది కాదంట. ఎవరో మార్చిండ్రంట. నా ముందట ఎందుకు ఇప్పలేదో గిప్పుడు సమజైంది."

"అక్కా, నేను ఇప్పినప్పుడే గట్ల ఉన్నది."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"చూసి చెప్పలే?"

ఎదురుగా చాయ్ డబ్బా నడిపే పుల్లమ్మ గిన్నె దించి చెవి ఇటు పెట్టింది. చెప్పుల దుకాణం ముందు ఇద్దరు ఆగారు. ఆండాళు గొంతు పెంచలేదు. అరిచి ఉంటే మనుషులు ఆమెను పక్కకు తీసుకుపోయేవాళ్లు. నెమ్మదిగా మాట్లాడటంతో ప్రతి మాటా అందరికీ వినపడింది.

"మా ఆయన ముట్టిన సామాను భాయ్ అది. నాకు పైసలు వద్దు. మా చక్రం మాకియ్యి, పోత."

"నా దగ్గర లేదు అక్కా."

"ఎందుకుంటది, ఏ బండిల పెట్టి అమ్మినవో."

ఆమె వెళ్లిపోయింది. చక్రం బల్ల మీదే ఉండిపోయింది. సాయంత్రానికి కోర్టు గుమాస్తా వచ్చి, బాగవడానికి ఇచ్చిన గడియారాన్ని బాగుకాకుండానే తీసుకుపోయాడు. "జర పనుండె" అన్నాడు, ఏం పనో చెప్పలేదు. వారంలో ఇంకో ముగ్గురు వచ్చి తమవి పట్టుకుపోయారు. తన రెండో రైలు తెస్తానన్న రామగిరి డాక్టరు కూడా ఫోను ఎత్తలేదు. రజాక్ తండ్రి సోడా బండి ఎక్కడ పెట్టేవాడో జీనత్‌కు తెలుసు. ఆమె ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడంతోనే రజాక్‌కు ఎక్కువ భయం వేసింది.

"ఫోన్ చెయ్యమన్న" అంది జీనత్ ఆ రాత్రి. అంతే అంది.

రజాక్ చక్రాన్ని రోజూ భూతద్దం కింద పెట్టి చూస్తున్నాడు. బొమ్మల కంపెనీ వాడు చక్రం మీద పదిహేడు అని చెక్కడు. గడియారం వాడూ చెక్కడు. ఒకేలాంటి మిషన్లు వరసగా ఉన్న చోట, ఒకదాని సామాను ఇంకోదానిలోకి పోతుందని భయపడేవాడు నంబరు చెక్కుతాడు. తాను సూది ఇచ్చి గుర్తు పెట్టించినట్టే ఇంకెవరో అనుమానపు మనిషి పెట్టించిన గుర్తు అది. ఆ ఆలోచన వచ్చిన రోజు దుకాణం మూసి చండూరు బస్సెక్కాడు.

ఆండాళు మగ్గం గుంతలో కూర్చుని ఉంది. ఆయన్ని చూసి నేత ఆపింది గానీ కూర్చోమనలేదు.

"మీ ఆయన షోలాపూర్ల ఏం మిషన్ నడిపిండు అక్కా?"

"సాంచెలు. చెప్పిన గద. మల్ల ఏం ఎతుక్కుంట వచ్చినవ్?"

"సాంచెకు నంబర్లు ఉంటుండెనా?"

"ఉండకుంటే ఎట్ల? మా ఆయనది పదిహేడు."

అనేసి ఆమె ఆగిపోయింది. రజాక్ చక్రాన్ని అంచు పైకి ఉండేలా మగ్గం చెక్క మీద పెట్టి, భూతద్దం ఆమె చేతికిచ్చాడు. ఆమెకు చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు. రెండు అంకెలనూ పైకే చదివింది.

"గీ చక్రం ఏంటిదో నీకు ఎరుకనా?" అన్నాడు రజాక్.

ఆండాళు భూతద్దం దించింది. బయటికి చూసి, వీధిలో ఎవరూ లేరని చూసుకుని తలుపు దగ్గరగా వేసింది.

సాంచెకు ఒక మీటరుండేదట, ఎన్ని గజాలు నేస్తే అన్ని అంకెలు తిరిగేది. దాన్ని బట్టే సేటు కూలి ఇచ్చేవాడు. పనివాళ్లు మీటరు ముట్టుకుంటారని సేటుకు అనుమానం, అందుకే లోపలి చక్రాలకు కూడా సాంచె నంబరు చెక్కించాడు; సేటే మీటరు మెల్లగా తిరిగేటట్టు చేశాడని పనివాళ్లకు అనుమానం. ఎనభై ఆరులో ఒక రోజు పదిహేడో సాంచె మీటరు ఆగిపోయింది. విప్పితే లోపల ఒక చక్రం లేదు. నేసిన లెక్క దాచి ఎక్కువ కూలి అడగడానికి పరశురామే తీశాడని సేటు పదిమందిలో అన్నాడు, పనిలోంచి తీసేశాడు. పరశురాం ఎల్లేష్ తల మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు. ఆండాళు సేటు ఇంటి ముందుకు పోయి మట్టెత్తి పోసి శాపం పెట్టి వచ్చింది. చండూరు తిరిగి వచ్చాక కూడా, షోలాపూర్ నుంచి ఎందుకు వచ్చారని అడిగిన ప్రతి మనిషికీ ఆ సేటు అన్యాయం చెప్పుకుంటూ ముప్పై ఏళ్లు బతికింది.

"గప్పుడు పోరడు రైలు నడుస్తలేదని మూడొద్దులు అన్నం తినలే" అంది ఆండాళు. "మా ఆయన ఒకనాడు వచ్చి చిటికెల బాగుచేసిండు. సామాను ఏడ దొరికిందయ్యా అంటే, దొరికిందిలే అన్నడు."

"లెక్క దాచనీకె కాదన్నట్టు."

"కాదు. కానీ తీసిండు గద." ఆమె చక్రాన్ని గోటితో తిప్పింది. "ఒట్టేసిండు, నా కొడుకు తల మీద."

రజాక్ తాను వచ్చిన పని అడిగాడు. "నా దుకాణం పోతాంది అక్కా. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పాలె."

"ఏమని? మా ఆయన మీటరు ఇప్పిండని చెప్పన్నా? ఇక్కడున్న సాలోల్లల్ల సగంమంది షోలాపూర్ వోయి వచ్చినోల్లే. సేటు అన్నదే నిజమంటరు. ఎల్లేష్ ఏమనుకుంటడు?"

"మరి నా సంగతేంది?"

"నువ్వు గా రోజే చెప్తే గిదంత ఉండకపోవు. నేను ఆడనే మూతి మూస్కుందు."

అది నిజమే. రజాక్ లేచాడు. తలుపు దగ్గర ఆగి, ఈ కథ ఊళ్లో తానే చెబితే ఎట్లా ఉంటుందని ఒక క్షణం ఆలోచించాడు. చెప్పినా ఎవరూ నమ్మరు. దొంగ అన్న పేరు తప్పించుకోవడానికి పోయినవాడి మీదికి నెట్టాడంటారు. చక్రం అక్కడే వదిలేసి వచ్చేశాడు. ఆమె దాన్ని బావిలో పడేస్తుందనే అనుకున్నాడు.

నాలుగు రోజులు ఏమీ జరగలేదు. ఐదో రోజు పదకొండు గంటలకు ఆండాళు బల్ల ముందుకు వచ్చింది. వెంట వాళ్ల వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరు ఉన్నారు. కావాలనే తెచ్చుకుందని రజాక్‌కు అర్థమైంది. ఏం అనబోతోందో మాత్రం అంతుపట్టలేదు. చేతిలో చిమటా కింద పెట్టాడు.

"భాయ్, తప్పు మాట్లాడిన" అంది, పోయినసారి ఎంత నెమ్మదిగా మాట్లాడిందో అంతే నెమ్మదిగా. "గా చక్రం మొదటి నుంచి గట్లనే ఉన్నది. పాతదే కొన్నం గద, అమ్మినోడే పెట్టిండంట. మా ఆయన ఎన్నడో చెప్పిండు, నేను మరిచిన. ముసలిదాన్నైన."

వెంట వచ్చిన ఆడవాళ్లలో ఒకామె, "గంత మాట అనేటప్పుడు గుర్తుకు రాలే?" అంది.

"రాలే" అంది ఆండాళు. "చెప్తున్న గద."

ఆమె రజాక్ వైపు చూసింది. ఆ చూపులో వేడుకోలు లేదు. నీకు కావలసింది ఇచ్చాను, ఇప్పుడు నువ్వేమంటావో చూస్తాను అన్నట్టుంది. అమ్మినోడు పెట్టలేదని ఆ వీధిలో ఇద్దరికే తెలుసు.

"నీ సామాను, నీకు తెల్వదా అక్కా" అన్నాడు రజాక్.

బస్సు కిరాయి అయినా తీసుకొమ్మని డబ్బు తీయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి, ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని బస్టాండు వైపు నడిచింది. దయాకర్ తర్వాత రైలును తక్కువకు అడిగాడనీ, ఆమె అమ్మనందనీ రజాక్‌కు తెలిసింది.

కోర్టు గుమాస్తా ఆ నెలలోనే మళ్లీ వచ్చాడు. గడియారం తన ముందే విప్పించి, రెండు గుర్తులు గీశాడు. డాక్టరు ఫోను ఎత్తాడు. మిగతా ముగ్గురిలో ఇద్దరు రాలేదు. రజాక్ ఇప్పుడు ఏ రైలులోనైనా పరాయి సామాను కనపడితే అది బయటికి తీయకముందే యజమానికి ఫోను చేస్తాడు. వాళ్లలో సగంమంది అవతల ఊరుకుండిపోతారు. ఆ మౌనంలో ఉన్నది తన మీద అనుమానమేనని ఆయనకు తెలుసు, అయినా చేస్తాడు.

పుల్లమ్మ మాత్రం ఆండాళు వచ్చిపోయాక వారం రోజులు ఆగి, ఒక మధ్యాహ్నం చాయ్ తానే తెచ్చి బల్ల మీద పెట్టింది. చుట్టూ ఎవరూ లేరని చూసి వంగింది.

"నిజం చెప్పు తమ్మీ, చండూరామెకు ఎంతిచ్చినవ్?"

"బస్సు కిరాయి కూడ తీసుకోలే అక్కా."

పుల్లమ్మ ఆయన మొహాన్ని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు చూసింది. "సరే తీ, చెప్పకు" అని పొద్దుటి ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.